కల్లంలో సాయంత్రం

భర్త గణపతిరావు కాన్వాసు జోళ్ళకి సుద్ద పూసి అరుగు మీద ఎండలో పెట్టడం కనకమహాలక్ష్మి మధ్యాహ్నపు పనుల్లో ఆఖరిది. అంట్లు తోమి, వంటిల్లు కడిగి, బట్టలు ఆరేసి, అత్తగారికి మజ్జిగ అందించి, ఇక కాసేపు నడుం వాలుద్దామనుకునే వేళకి ఆ జోళ్ళు గుమ్మం పక్కన కనబడేవి, నిన్నటి క్లబ్బు మట్టి ఎర్రగా అంటుకుని. తడిగుడ్డతో తుడిచి, నానబెట్టిన సుద్దని వేలికి చుట్టిన గుడ్డతో అంచు దాటకుండా పూసేది. ఒకనాడు ఆలస్యమై జోళ్ళు ఆరలేదు. గణపతిరావు వాటిని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావు కదా, ఈపాటి పని మర్చిపోతే ఎలాగ?" అన్నాడు. కోపంగా అనలేదు. అతనికి కోపం తక్కువ. వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. అలా అన్నందుకే ఆ మాట కనకాన్ని రోజంతా గుచ్చుతూ ఉండిపోయింది. కసిరితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. మామూలుగా అన్నదానికి ఏమంటుంది?

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు అది. గణపతిరావు చోడవరం తాలూకా కచేరీలో హెడ్ గుమాస్తా, సాయంత్రమైతే క్లబ్బుకి సెక్రటరీ. కచేరీ వెనక, పల్లపు చేలని ఆనుకుని ఉన్న పెంకుటింట్లో ఆ క్లబ్బు. దాని ముందు ఒకే ఒక్క బాడ్మింటన్ కోర్టు. పసుప్పచ్చ ఉన్ని బంతితో, అటు అయిదుగురు ఇటు అయిదుగురు ఆడే ఆట. గాలి ఉంటే బంతి మాట వినదు, చీకటి పడితే కనబడదు. కాబట్టి ఎండ తగ్గాక దీపాలు పెట్టేలోగా ఉన్న ఆ కాసేపే ఆట. ఆ కాసేపటి మీద ముందుహక్కు క్లబ్బు పెట్టిన పునాది మెంబర్లది, అంటే ప్లీడరు బంగార్రాజుగారిదీ ఆయన స్నేహితులదీ. వాళ్ళకి మొహం మొత్తాకే మిగతావాళ్ళకి. నెట్టు కట్టించేదీ గీతలు గీయించేదీ గణపతిరావే అయినా, అతని వంతు వచ్చేసరికి తరచూ బంతి కనబడేది కాదు.

"ఇవేళ కూడా వాళ్ళే ఆడేరు. నేను బంతులేరి ఇచ్చేను," అనేవాడు అన్నం ముందు కూర్చుని.

"మా వంతు ఎప్పుడని అడక్కపోయేరా?"

"ఎలా అడుగుతాను? ప్రయారిటీ అంటే ప్రయారిటీ. పెద్దవాళ్ళు పెట్టుకున్న పద్ధతి. పద్ధతన్నాక మన్నించాలి కదా."

అలా అని పప్పులో నెయ్యి కలుపుకునేవాడు, గాయం మీద మందు రాసుకున్నట్టు. అప్పుడు కనకానికి అతని మీద జాలేసేది. తను సుద్ద పూసి పంపిన జోళ్ళు ఒక్కోనాడు మరక లేకుండా తిరిగి వచ్చేవి.

కనకం కూడా ఆ ఆట ఆడిందే. అనకాపల్లి ఆడపిల్లల బడిలో వెనక వరసలో కనకం నిలబడితే బంతి కింద పడదని చెప్పుకునేవారు. పదహారో ఏట పెళ్ళి కుదిరింది. పిల్లకి ఏమేం వచ్చని చూడవచ్చినవాళ్ళు అడిగితే, వాళ్ళమ్మ వంట అంది, కుట్టు అంది, మంగళహారతులు అంది. బాడ్మింటన్ అనలేదు. ఆ తరవాత ఎవరూ అడగలేదు, కనకమూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ మొగుడి బేటుని గోడకి ఆనించి పెట్టడం, దుమ్ము దులపడం, తెగిన తీగ చూసి "బజారుకి పంపించండి, లాగిస్తారు" అని గుర్తుచేయడం మాత్రం చేసింది.

ఆ వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం, జోళ్ళు ఎండలో పెట్టాక, ఊరికే బరువు చూద్దామని బేటు చేతిలోకి తీసుకుంది. అటక మీద పాత బంతి ఒకటి దొరికింది. పెరటి గోడకేసి కొట్టింది. అది తిరిగి వచ్చింది. మళ్ళీ కొట్టింది. మనసు మర్చిపోయిందనుకున్నది మణికట్టు మర్చిపోలేదు. చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, గోడకీ తనకీ మధ్య బంతి కింద పడకుండా ఎంతసేపు ఆడిందో ఆమెకే తెలియదు. ఊపిరి ఎగదన్నుతోంది. చెమట కళ్ళల్లోకి కారుతోంది. వంటింటి పొగలో పట్టే చెమట వేరు, ఇది వేరు. ఒంట్లోంచి ఏదో తలుపు తీసుకుని బయటికి వస్తున్నట్టుంది.

"బేక్‌హేండు ఎవరు నేర్పేరండీ మీకు?" అని దడి అవతల్నించి వినబడింది.

జ్ఞానమ్మ. బోర్డు ఆడపిల్లల స్కూల్లో టీచరు. ఆమె భర్త తోమా మాడుగుల ఆస్పత్రిలో కాంపౌండరు, శనివారాలు బస్సులో వస్తాడు. ఆ దడి అవతలి వాటాలోకి ఆవిడ వచ్చి ఏడాది దాటినా ఇద్దరి మధ్యా పెరుగు తోడూ కరివేపాకూ తప్ప వేరే మాటలు నడవలేదు. ఇప్పుడు దడి మీద గడ్డం ఆనించి, పొడుగాటి మనిషి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది.

"నేను ట్రెయినింగులో ఉన్నప్పుడు విశాపట్నంలో కాలేజీ టీముకి ఆడేనండి. మీరు ఆడతారని ఒక్కమాట చెప్పలేదేటి?"

"మీరు మాత్రం చెప్పేరా?" అంది కనకం. ఇద్దరూ గట్టిగా నవ్వారు. లోపల్నించి అత్తగారు అచ్చియ్యమ్మ, "ఏటే ఆ నవ్వులు, పిల్లలు లేస్తారు!" అని కేకేసింది.

కనకం భర్తతో చెప్పింది. గణపతిరావు మొదట ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయాడు. తరవాత, ఏ మూల నచ్చిందో ఏమో, "అడుగుతాను," అన్నాడు. ప్లీడరుగారి భార్య మంగాయమ్మ చెవిన కూడా ఆ మాట పడింది. ఆవిడ భారీ మనిషి, భారీ నవ్వు. "నేనూ వస్తాను. బంతి తగలకపోతే పోనీ, ఇల్లు కదిలినట్టుంటాది," అంది. బెల్లం వర్తకుల కొత్త కోడలు చిన్నతల్లి, ఇంకో నలుగురైదుగురు చేరారు. క్లబ్బువాళ్ళు కూర్చుని తీర్మానించారు. ఆడవాళ్ళు ఆడుకోవచ్చు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు.

"రెండు గంటలకా? ఈ ఎండల్లోనా?" అంది కనకం.

"సాయంత్రం అంటే మగవాళ్ళు పగలంతా పనిచేసి వచ్చే టైము కదా. అలసిపోయినవాళ్ళకి ప్రయారిటీ ఇవ్వాలి. మీకు మధ్యాహ్నం ఖాళీయే కదా అని బంగార్రాజుగారే అన్నారు."

ఆ మాట జ్ఞానమ్మకి చెబితే ఆవిడ సుద్దముక్కలు పట్టి గరుకెక్కిన వేళ్ళు చూపించింది. "మరి నేను పగలంతా చేసేది పని కాదేటండీ? బడికి సెలవలు గనక సరిపోయింది. బడి తెరిస్తే శనివారం ఒంటిపూట తప్ప నాకు మీ రెండుగంటల ప్రసక్తే లేదు."

అయినా ఆడారు. ఎండలో ఆడారు. కోర్టుకి బిందెలతో నీళ్ళు పోసుకుని, అది మళ్ళీ వేడెక్కేలోగా ఆడి, కాళ్ళు కాలితే గెంతి, నెత్తిన తడితువ్వాళ్ళు చుట్టుకుని ఆడారు. మంగాయమ్మ మొదటిరోజు బంతి వస్తుంటే "అమ్మో!" అని బేటు అడ్డం పెట్టుకుంది. బంతి బేటుకి తగిలి అవతలపడి పాయింటు వచ్చింది. ఆవిడకి నవ్వాగలేదు. కోర్టు మధ్యలో కూలబడి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "నా జన్మలో పరిగెట్టలేదర్రా. చిన్నప్పుడు పరిగెడితే తిట్టేవారు, పెద్దయ్యాక పని పడలేదు," అంది. చిన్నతల్లి అత్తవారింట్లో ఉన్నట్టే కోర్టులోనూ తలొంచుకుని నిలబడేది. వారం తిరిగేసరికి "నాది! నాది!" అని అరుస్తూ పక్కవాళ్ళ బంతులకి కూడా ఉరికేది. ఇళ్ళకి వెళ్ళేటప్పుడు ఎర్రబడ్డ మొహాలతో, చెమటకి నుదుటికి అంటుకున్న జుట్టుతో, దారి పొడుగునా మాట్లాడుకుంటూ వెళ్ళేవారు. ఇంటికెళ్ళాక కనకం కాఫీకి నీళ్ళు పెట్టి, ఉప్మాకి ఉల్లిపాయలు కోసి, మొగుడి జోళ్ళు గుమ్మంలో పెట్టేది. ఇదివరకు చేసినవన్నీ చేసేది. కాని చేస్తున్నంతసేపూ ఆ రోజు పోయిన పాయింటు ఎలా పోయిందో ఆలోచించేది. ఆలోచించుకోవడానికి తనదంటూ ఒకటి ఉండడం ఎంత బాగుంటుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

అచ్చియ్యమ్మ మాత్రం సణిగేది. "పిల్లల తల్లులు గుంటపిల్లల్లాగ ఎగరడం ఏటమ్మా, ఊరు సూస్తాది."

"ఆ ఎండలో ఊళ్ళో ఎవరూ బయటికి రారత్తా. అందుకే ఇచ్చేరు ఆ టైము," అనేది కనకం.

బడి తెరిచారు. ఆషాఢం వచ్చింది. మబ్బులు కమ్మి, మధ్యాహ్నాలు చల్లబడ్డాయి. రెండు గంటల కోర్టు ఎవరూ అనుకోనంత బాగుంది. ఒక శనివారం కచేరీకి కూడా ఏదో సెలవు వచ్చింది. ఆటలో కనకం పక్షానికి రెండే పాయింట్లు కావాలి. జ్ఞానమ్మ నెట్టు దగ్గర చెయ్యెత్తి నిలబడి ఉంది. అప్పుడు ప్లీడరు బంగార్రాజుగారూ ఆయన స్నేహితులూ బేట్లు చంకన పెట్టుకుని వచ్చి గట్టు మీద నిలబడ్డారు. వాళ్ళ వెనక గణపతిరావు.

అతను కోర్టు అంచుదాకా వచ్చి, గొంతు తగ్గించి, "కనకం, దిగండి. మెంబర్లొచ్చేరు," అన్నాడు.

"ఇది మా టైమే కదండీ. మూడున్నరైనా అవలేదు."

"టైము మీదే. మెంబర్లు వస్తే ముందు వాళ్ళది."

"రెండు పాయింట్లండీ. గేమైపోనీండి."

గణపతిరావు ఒకసారి గట్టు వైపు చూశాడు. "నన్ను ఇరుకున పెట్టకు," అన్నాడు.

కనకం బేటు దించింది. అందరూ దించారు. చిన్నతల్లి తల మళ్ళీ వంగిపోయింది. వాళ్ళు గట్టు ఎక్కుతుంటే బంగార్రాజుగారు పాపం మర్యాదగానే, నవ్వుతూనే అన్నారు, "మంగా, వెళ్ళేముందు కోర్టుకి కాసిని నీళ్ళు చల్లించండి. దుమ్ము లేస్తంది. చెరిగిన గీతలు కూడా కాస్త సుద్ద దిద్దేస్తే బాగుంటాది."

మంగాయమ్మ ఆలోచించనైనా లేదు. ఇన్నేళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే బిందె మీదికి వెళ్ళింది. కనకం ఆవిడ చేతిలోంచి బిందె తీసుకుని, నేల మీద పెట్టి, "రండి వదినా," అంది. అంతే. ఆ బిందె అక్కడే వదిలేసి అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చి కనకం పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ అలాగే కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఆమెకి అర్థంకానిదల్లా ఒక్కటే. తన వంతు ఎవరో లాక్కుంటే ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో గణపతిరావుకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? రోజూ అన్నం ముందు కూర్చుని చెప్పే బాధే కదా. తనకి తెలిసిన బాధే తెచ్చి పెళ్ళానికి ఎలా వడ్డించగలిగాడు? అక్కడ పైవాడికి వంగిన నడుం ఇక్కడ కాస్త నిటారుగా నిలబడాలి కాబోలు. పద్ధతి అంటాడు. పని చేసినవాళ్ళకి ముందు అనేది పద్ధతైతే, తెల్లవారకముందు లేచి పొయ్యి రాజేసిన మనిషి వరసలో ఎక్కడుండాలి? బడి నుంచి వచ్చి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళే జ్ఞానమ్మ ఎక్కడుండాలి? అసలు ఆ వరస ఎటునుంచి లెక్కపెడుతున్నారు?

"ఏటలా కూకున్నావు?" అని అచ్చియ్యమ్మ వచ్చింది. కనకం జరిగింది చెప్పింది. దిగిపొమ్మన్నారని చెప్పినప్పుడు అచ్చియ్యమ్మ మామూలుగానే వింది. నీళ్ళు చల్లమన్నారని చెప్పేసరికి ముసలామె మొహం మారిపోయింది.

"నీల్లు సల్లి పొమ్మన్నారా?"

"గీతలు కూడా దిద్దమన్నారు."

అచ్చియ్యమ్మ పక్కనే గట్టు మీద కూర్చుంది. "మన కల్లం ఉంది సూడు, రావికమతం రోడ్డులో. అది మా బాబు నాకు పసుపూ కుంకుమా కింద రాసిచ్చిన సెక్క. పెల్లైన ఏటినుంచీ ఏటేటా పేడేసి అలికింది నేను. నేల గట్టిపడేలాగ దిమ్మిస కొట్టింది నేను. అద్దంలాగ ఉండేది. రాసి పోసేక మీ మావ, మిగతా మగోల్లు, 'ఆడోల్లు కల్లం తొక్కకూడదు, రాసి తరిగిపోతాది, అవతలికి పో' అనేవోరు. నా కల్లంలోంచి నన్నే. పోయేదాన్ని. రోడ్డు మీద నిలబడి సూసేదాన్ని. ఏటనేదాన్ని? అందరత్తలూ అలాగే నిలబడేవోరు." కోడలి మొహంలోకి చూసింది. "కోతలదాకా కల్లం ఊరికే పడుంది. మెట్ట మీదుంది, నీరు నిలవదు. ఆడుకోండి. నేను సూస్తాను ఎవడు దిగమంటాడో."

కనకం ఆమెకేసి నమ్మలేనట్టు చూసి, తడిచేతులతోనే కౌగిలించుకుంది. "ఒసే, సీర తడిసిపోతంది!" అని అచ్చియ్యమ్మ అరిచింది గాని విడిపించుకోలేదు.

కల్లం కోర్టు అయిన ఆ రోజులు పెళ్ళిపనుల్లా గడిచాయి. అచ్చియ్యమ్మ పెత్తనం. గడ్డి పీకించింది, పేడనీళ్ళు కలిపించింది, దిమ్మిస తనే పట్టుకుని ఎలా కొట్టాలో చూపించింది. వెదురుగడలు పాతారు. చిన్నతల్లి పురికొసతో నెట్టు అల్లింది. అది మొదట్లో ఊయలలా మధ్యకి జారిపోయింది. నవ్వుకుని మళ్ళీ అల్లారు. జ్ఞానమ్మ బడిలో మూలపడ్డ బేట్లకి తీగ లాగించి తెచ్చింది. గణపతిరావు ఇవన్నీ చూస్తూ, "మా అమ్మ స్థలం, నేనేటంటాను?" అని ఊరుకున్నాడు.

ఇక రెండు గంటల పీడ లేదు. ఎండ తగ్గాక, అయిదింటికి, హాయిగా సాయంత్రమే ఆడుకుందామని చెప్పుకున్నారు. మొదటి సాయంత్రం కనకం వంటింట్లో హడావిడి పడుతూ, పిల్లల టిఫిను, అతని కాఫీ ముగించుకుని, చెంగుతో మొహం తుడుచుకుంటూ కల్లానికి పరిగెత్తేసరికి అక్కడ జ్ఞానమ్మ ఒక్కర్తీ బేటు మీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడైనా తోమా ఊళ్ళో లేడు గనక రాగలిగింది. మంగాయమ్మ పొద్దుగూకాక వచ్చింది, చేతికి శనగపిండితో. చిన్నతల్లి రానేలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

పేడనీళ్ళ వాసన వేస్తున్న ఆ చక్కటి ఖాళీ కోర్టుని చూస్తూ కనకం నిలబడిపోయింది. కోర్టు దొరికింది గాని సాయంత్రం దొరకలేదు. క్లబ్బువాళ్ళు దిగమంటే కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇక్కడ ఎవరు దిగమన్నారు? ఎవరూ అనలేదు. డికాక్షను అంది. మొగుడు గుమ్మంలోకి వచ్చేసరికి చేతికి అందవలసిన గ్లాసు అంది. ముందొచ్చినవాళ్ళకే ముందు ఆట అని ఎవరైనా ఎంత ధర్మంగా పద్ధతి పెట్టినా, ముందు రాగలిగేది ఎవరు? ఇంట్లో తమ బదులు పొయ్యి దగ్గర ఇంకొకరు ఉన్నవాళ్ళే. ప్లీడరుగారు అయిదింటికల్లా కోర్టులో ఉంటున్నారంటే ఆయన ముందుహక్కు క్లబ్బులో పుట్టింది కాదు, మంగాయమ్మ వంటింట్లో పుట్టింది. ఈ సంగతి తట్టగానే కనకానికి కోపం రావలసింది. నవ్వొచ్చింది. చిక్కుముడి కొస దొరికినప్పుడు వచ్చే నవ్వు.

"టీచరు గారూ," అంది, "పొయ్యి ఇక్కడ పెట్టేస్తే?"

కల్లం మూల మూడు రాళ్ళతో పొయ్యి వెలిసింది. ఇళ్ళల్లోంచి కాఫీపొడి, పాలు, బెల్లం వచ్చాయి. పిల్లలూ వచ్చారు. వాళ్ళకి ఇంటికన్నా అదే బాగుంది. ఆడేవాళ్ళు ఆడతారు, వంతు రానివాళ్ళు పొయ్యి చూస్తారు, పిల్లల్ని చూస్తారు. ఇంటికి వచ్చిన మగవాళ్ళకి అచ్చియ్యమ్మ వీధి అరుగు మీద కూర్చుని అందరి తరపునా ఒకటే మాట చెప్పింది. "కాఫీ కల్లంలో ఉంది బాబూ. ఎల్లి తాగండి."

గణపతిరావు మొదటిరోజు రుసరుసలాడుతూ వచ్చాడు. గ్లాసు తీసుకుని, అటు తిరిగి తాగి, ఖాళీ గ్లాసు నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు. రెండోరోజు ఇటు తిరిగి తాగాడు. కనకం వెనక వరసలో ఉంది. బంగారు రంగు వెలుగులో బంతి ఎక్కడ పడబోతోందో ఆమె అక్కడ ఉంటోంది. మూడోరోజు అతను గ్లాసు చేతిలో మర్చిపోయి నిలబడ్డాడు. ఆట ఆపి మంచినీళ్ళకి వచ్చిన కనకాన్ని, "ఇంత బాగా ఆడతావని నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు.

"మీరు అడగలేదు కదండీ," అంది కనకం. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఊపిరి అందడం లేదు, అంతే.

శ్రావణంలో వానలు దంచాయి. పల్లంలో ఉన్న క్లబ్బు కోర్టు చేలతో కలిసి మడుగైపోయింది. కప్పలు ఆడుకున్నాయి. మెట్ట మీది కల్లం మాత్రం వాన వెలిసిన పూటే ఆరిపోయేది. ఒక సాయంత్రం కాఫీకని వచ్చిన మగవాళ్ళు బేట్లు కూడా తెచ్చుకున్నారు. ఎవరికి వారు అవి వీపు వెనక పట్టుకుని నిలబడ్డారు. ప్లీడరు బంగార్రాజుగారు దగ్గి, "అమ్మా కనకం, మాకు కూడా ఏదైనా ఓ టైము ఇస్తారేటి?" అన్నారు.

ఆట ఆగిపోయింది. ఆడవాళ్ళందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మంగాయమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసి, "రెండు నుంచి నాలుగు ఇద్దామర్రా. వీళ్ళు పనిచేసి అలసిపోయినవాళ్ళు, ఎండ మంచిది!" అంది. కల్లం అంతా ఘొల్లుమంది. బంగార్రాజుగారి మొహం ఎర్రబడింది గాని ఆయనా నవ్వకుండా ఉండలేకపోయారు.

నవ్వులు సద్దుమణిగాక అందరూ కనకంకేసి చూశారు. ఆమెకి కూడా 'రెండు నుంచి నాలుగు' అన్న మాటే నోటి చివరిదాకా వచ్చింది. ఎంత తియ్యగా ఉందో ఆ మాట! అనేస్తే ఈ పూటకి కడుపు నిండిపోతుంది. కాని గణపతిరావు అందరి వెనకా నిలబడి ఉన్నాడు, అలవాటుగా, బంతులేరడానికి వీలున్నచోట. అతన్ని చూస్తే ఆమెకి మొదటి జాలి మళ్ళీ కలిగింది. ఒకళ్ళని ఎండలో నిలబెట్టి తీసుకున్న సాయంత్రం తనకి మాత్రం రుచిస్తుందా?

"టైములు లేవండి," అంది. "ఎవరు ముందొస్తే వాళ్ళ బేటు ముందు, ఈ గట్టు మీద వరసగా పెట్టుకోండి. మగా ఆడా లేదు. ఒక గేమవగానే దిగిపోవాలి. మళ్ళీ వరస చివరికి. వంతు వచ్చేదాకా ఉన్నవాళ్ళు పొయ్యి చూడాలి, పిల్లల్ని చూడాలి, గ్లాసులు కడగాలి. అది చెయ్యనివాళ్ళకి వంతు లేదు."

"గ్లాసులా!" అన్నారు ఎవరో.

బంగార్రాజుగారు ప్లీడరు కదా, ఒక పాయింటు పట్టుకున్నారు. "అంతా బాగుందమ్మా. మరి పునాది మెంబర్ల మాటేటి?"

"ఈ కల్లానికి పునాది మా అత్త ఒక్కర్తేనండి. ఆవిడ ఎలాగూ ఆడరు," అంది కనకం.

"ఆడనని ఎవులు సెప్పేరు?" అంది అచ్చియ్యమ్మ. లేచి, చీర గోచీగా బిగించి, ఎవరి చేతిలోదో బేటు లాక్కుంది. మంగాయమ్మ మెల్లిగా విసిరిన బంతిని ముసలామె దిమ్మిస ఎత్తి కొట్టినట్టు కొట్టింది. అది ఎగిరి పక్క చెరుకుతోటలో పడింది. "ఎలాగుంది?" అని అందర్నీ అడిగింది. ఆ సాయంత్రం ఇంకేం ఆట సాగలేదు. బంతి వెతకడంతోనే సరిపోయింది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు చెరుకుల్లో దూరి వెతికారు.

మగవాళ్ళందరూ ఉండలేదు. గ్లాసుల మాట విని ఇద్దరు ముగ్గురు, కప్పలు క్లబ్బు కోర్టు ఖాళీ చేశాకే ఆడుకుంటామని వెళ్ళిపోయారు. బంగార్రాజుగారు ఉన్నారు. మొదటిసారి ఆయన పొయ్యి ఊదితే కళ్ళలోకి పొగ పోయి, "ఇంత పొగేటి మంగా? రోజూ ఇలాగే ఉంటాదా?" అని అడిగారు. మంగాయమ్మ ఆయన చేతికి ఊదుడుగొట్టం ఇచ్చింది. గణపతిరావు కాఫీ మొదట నీళ్ళనీళ్ళుగా, తరవాత చేదుగా, ఆ తరవాత తాగగలిగేట్టుగా వచ్చింది. ఒకనాడు అతను కచేరీ నుంచి తిన్నగా కల్లానికే వచ్చాడు. గట్టు మీద అందరికన్నా ముందు తన బేటు పెట్టాడు. "కనకం, ఇవేళ మొదటి గేము నాది!" అన్నాడు. వెలుగు నిండుగా ఉండగా కోర్టు మధ్యలో నిలబడ్డ అతని మొహం చూసి కనకానికి కడుపు నిండినట్టయింది. ఇన్నాళ్ళూ తన వంతు తినేసింది తను మన్నించిన ఆ పద్ధతేనని అతనికి ఆ రోజు తెలిసినట్టే ఉంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రయారిటీ మాట రాలేదు.

భాద్రపదంలో ఒక సాయంత్రం, ఆకాశం ఇంకా తెల్లగా ఉంది. కనకం పక్షం ఒక గేము గెలిచి దిగింది. గ్లాసులు కడిగి, పొయ్యి చూసేసరికి వరసలో ఆమె బేటు మళ్ళీ ముందుకి వచ్చింది. జ్ఞానమ్మ అప్పటికే నెట్టు దగ్గర నిలబడి పిలుస్తోంది. చిన్నతల్లి అవతలి పక్షం నుంచి "ఇవేళ మిమ్మల్ని వదలనక్కా!" అని సవాలు చేస్తోంది. ఆడి దిగిన గణపతిరావు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ కనకం దగ్గరికి వచ్చాడు.

"పొద్దుపోతంది. పిల్లలకి ఆకలేస్తన్నట్టుంది. ఇంటికెళ్దామా?"

ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి మాటకి ఆమె కాళ్ళు ఆమె కన్నా ముందే లేచేవి. ఈ పూట కూడా ఒక అడుగు పడింది. ఆమె ఆ అడుగుకేసి ఒక్క క్షణం చూసుకుంది. అది వెనక్కి తీసుకుని, బేటు అందుకుని, కోర్టులోకి నడుస్తూనే చెప్పింది.

"మీరు పిల్లల్ని తీసుకుని పదండి. ఎసరు పెట్టి, బియ్యం కడిగి ఉంచండి. నాకింకో గేముంది."